నారప్ప చూడని చుక్క

నారప్ప నిద్రపోలేదు.

ముందు ఈ రెండు మాటలు రాసేసి, తర్వాత మిగతా సంగతి చెబుతాను. ముప్పై మూడేళ్ళు ఈ రెండు మాటలు అనడానికి నోరు పెగలని పిరికి వెధవను నేను. ఇప్పుడైనా సన్నాయి నొక్కులు నొక్కితే నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలి.

నా పేరు వెంకోబరావు. మాది తాతల కాలం నుంచీ రాయచూరే. 1985లో, నది ఒడ్డున విద్యుత్ కేంద్రంలో పంపుల దగ్గర టెంపరరీగా చేరాను. ఏ కేంద్రమో చెప్పను, అడగకండి. తప్పు ఇనుముది కాదు, మనుషులది. బాయిలర్‌కు నీళ్ళు తోసే పంపులు మూడు ఉండేవి, ఒక్కో పంపుకూ ఒక మనిషి, ఒక ఫోను. నాది రెండో నంబరు. దాని బేరింగు ఖరాబై, ఈనే బర్రెలా ఎప్పుడూ సన్నగా కూస్తూ ఉండేది. ఆ కూత గుర్తుపెట్టుకోండి.

నారప్పది సరిహద్దు అవతల గద్వాల దిక్కు. ఆయన ఉద్యోగం మంట చూడటం. నవ్వకండి, నిజంగా అదే పని. బాయిలర్ అంటే ఇరవై అంతస్తుల మేడంత పెట్టె, నీటి గొట్టాలే దాని గోడలు. లోపల బొగ్గుపొడి గాలిలో మండుతూ ఉంటుంది. గోడలకు అక్కడక్కడా చిన్న కిటికీలు ఉంటాయి. నారప్ప నీలం అద్దం కంటికి అడ్డం పెట్టుకుని ఆ కిటికీల్లోంచి తొంగిచూసి, మంట ఎలా ఉందో కంట్రోలు గదిలో డెస్కు దగ్గర ఉన్న ఇంజనీరుకు ఫోన్‌లో చెప్పాలి. యంత్రాలు చెప్పేది ఒకటైతే నారప్ప చెప్పేది ఇంకొకటి అయ్యేది. పెద్ద ఇంజనీర్లు కూడా నారప్ప మాటే వినేవాళ్ళు. "నారప్ప కన్ను" అనేది మా దగ్గర ఒక సామెతగా ఉండేది.

కొత్తగా వచ్చినవాళ్ళకు ఆయన ఒకటే పాఠం చెప్పేవాడు. "మంట లోపట్నుంచి బైటికి నూకుతుంటది. ఫ్యాను బైట్నుంచి గాలి గుంజుతుంటది. రెండూ సరిసమానం ఉన్నంతసేపే గోడలు నిలవడేది. మంట ఒక్కసారి పోయిందనుకో, నూకేటోడు లేడు, గుంజేటోడున్నడు. గోడలు లోపట్కి వచ్చేస్తయ్. పేలుడు గాదు బిడ్డా, కూలుడు."

మా డెస్కు ఇంజనీరు చెన్నకేశవరావు గారు తెనాలి వైపు మనిషి. మాట తియ్యన, చెయ్యి ధారాళం, చుక్కలంటే పిచ్చి. పగటి డ్యూటీ అయ్యాక క్యాంటీన్ వెనక సిమెంటు బెంచీ మీద దుర్భిణి పెట్టుకుని కూర్చునేవాడు. నారప్ప ఒకరోజు చాయ్ గ్లాసు పట్టుకుని ఆయన పక్కన నిలబడ్డాడు. అక్కడ మొదలైంది వాళ్ళ స్నేహం. నేను కూడా తోకలా వెంట ఉండేవాణ్ణి.

"నారప్పా, అదిగో ఆ ఎర్రది చూశావా? దాన్నే ఆరుద్ర అంటాం" అన్నాడు రావుగారు.

నారప్ప కళ్ళు చికిలించాడు. "గది సల్లవడ్డ మంట సార్. గా కింద తెల్లగ మండుతున్నదే, గదీ జోర్దార్ మంట."

రావుగారు దుర్భిణి దించేశాడు. "ఓరి నీ తస్సాదియ్యా! ఎర్రది చల్లన, తెల్లది వేడి అని నేను పుస్తకాలు చదివి తెలుసుకున్నానయ్యా. నువ్వు ఊరికే చూసి చెప్పేశావ్!"

ఆ రోజు నుంచి నారప్పకు ఆయనే పంతులు. నక్షత్రం చావు గురించి కూడా ఆ బెంచీ మీదే చెప్పాడు. నక్షత్రం అంటే తన బరువు తన మీదే పడకుండా మంటతో ఆపుకునే పొయ్యి అట. మన సూర్యుడు చిన్నవాడు, నెమ్మదిగా చల్లారిపోతాడు. సూర్యుడికి ఎనిమిది రెట్లు, పది రెట్లు బరువున్న నక్షత్రాల బతుకు వేరు. ముందు హైడ్రోజన్ మండుతుంది, అది కోటి సంవత్సరాలో ఎంతో. దాని బూడిద హీలియం. బరువు నొక్కేకొద్దీ వేడెక్కి ఆ బూడిదే మళ్ళీ మండుతుంది. దాని బూడిద ఇంకొకటి, అదీ మండుతుంది. ఒక్కో మెట్టూ ముందుదానికంటే తొందరగా అయిపోతుంది. ఆఖరి మెట్టు ఒక్క రోజులో ముగుస్తుంది. అప్పుడు మిగిలేది ఇనుము.

"ఇనుము మండదు గద సార్" అన్నాడు నారప్ప.

"అదే నాయనా! ఎంత నొక్కినా వేడి పుట్టించదు. పైగా ఉన్న వేడిని కాస్తా మింగేస్తుంది. నడుమ ఇనప ముద్ద పేరుకుపోతుంది, మంట ఆగిపోతుంది. అప్పుడేమవుతుందో చెప్పు?"

నారప్ప క్షణం కూడా ఆలోచించలేదు. "గోడలు లోపట్కి వస్తయ్."

రావుగారు లేచి ఆయన భుజం మీద చరిచాడు. "ఒక్క సెకను కూడా పట్టదయ్యా! భూమంత ముద్ద కాస్తా రాయచూరు నుంచి గిల్లేసూగూరు దాకా, ఇరవై కిలోమీటర్లు పట్టేంత ఉండలా కుదించుకుపోతుంది. ఇంకా కుదించుకోవడానికి చోటుండదు. పైనుంచి పడేదంతా దానికి తగిలి ఎగిరి, వెనక్కి తంతుంది. నక్షత్రం పైపొరలన్నీ చెల్లాచెదురు! కోట్ల సూర్యుళ్ళ వెలుగు కొన్ని వారాలపాటు. మన నెత్తుట్లో ఇనుము కూడా అట్లా చచ్చిన చుక్కల్లో వండిందే."

"ఆరుద్ర కూడ గట్లనే సస్తదా?"

"చస్తుంది. రేపు కావచ్చు, లక్షేళ్ళకు కావచ్చు."

నారప్పకు నిజంగా దిగులు పట్టుకుంది. "ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదంటరు మా దిక్కు. చుక్కనే సస్తే కార్తె యాడుంటది సార్? ఇత్తనాలు ఎప్పుడేసుకోవాలె?"

కార్తె సూర్యుడి నడకను బట్టి వస్తుందనీ, చుక్క పోయినా వాన ఎక్కడికీ పోదనీ నచ్చజెప్పడానికి రావుగారికి రెండు గ్లాసుల చాయ్ పట్టింది. ఆ సాయంకాలాలు బాగుండేవి. అబద్ధమెందుకు, నా బతుకులో అంత బాగున్నవి మళ్ళీ రాలేదు.

1987 ఫిబ్రవరి ఆఖర్లో పేపర్లో పడింది. దక్షిణాకాశంలో ఒక పెద్ద నక్షత్రం పేలింది, వట్టి కంటికే కనపడుతోంది. పేలి లక్షా అరవై వేల ఏళ్ళు దాటిందట, వెలుగు ఇప్పటికి వచ్చి చేరింది. దూరబీనులు కనిపెట్టాక ఇంత దగ్గర్లో ఇలాంటిది పేలడం ఇదే మొదటిసారట. రావుగారికి ఇక కాలు నిలవలేదు. లెక్కలు వేశాడు. మన రాయచూరు నుంచి అది అగస్త్య నక్షత్రానికి బాగా కిందుగా, నేలకు మూడు వేళ్ళ ఎత్తు మాత్రమే లేస్తుంది. అదీ సాయంత్రం ఏడున్నరకు కాస్త అటూ ఇటూగా. కింది నుంచి చూస్తే చెట్లూ గుట్టలూ అడ్డం. బాయిలర్ కప్పు మీదికి ఎక్కితే తప్ప కనపడదు.

ఇరవై ఎనిమిదో తేదీ, శివరాత్రి అయిన రెండు రోజులకు, అమావాస్య. ముగ్గురిదీ మధ్యాహ్నం నుంచి రాత్రి పది దాకా డ్యూటీ. జూనియర్ ఇంజనీరు సెలవు, డెస్కు మీద రావుగారు ఒక్కడే. ఏడుంబావుకు ఆయన నారప్ప దగ్గరికి వెళ్ళి అన్న మాట నారప్ప నాకు తర్వాత వందసార్లు చెప్పాడు.

"నారప్పా, పది నిమిషాలు మంట కనిపెట్టుకుని ఉండు. నేను చూసొస్తాను. రాగానే నువ్వెళ్దువుగాని, దుర్భిణి నీ చేతికే ఇస్తా. ఈ చుక్క మనిద్దరిదీ."

ఆయన పైకి వెళ్ళిన కాసేపటికే మంట అదిరింది. తడి బొగ్గు వచ్చి ఉంటుంది. నూనె వదిలి మంటను నిలబెట్టాలి. ఆ మీటలు డెస్కు దగ్గర ఉంటాయి. నారప్ప డెస్కుకు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. కిటికీ వదిలి వెళ్ళకూడదని రూలు, అందుకని గాబరాలో చేతికి వచ్చిన నంబరు తిప్పి పంపుల దగ్గరికి చేశాడు.

ఆ ఫోను ఎత్తింది నేను.

"డెస్కు ఎత్తుతలేదు! మంట పోతాంది! ఎవలన్న ఉరుకుండ్రి!" అని అరుస్తున్నాడు. అదే క్షణంలో నా పంపు దగ్గర ఎర్రదీపం వెలిగింది. డెస్కు సంగతి డెస్కు చూసుకుంటుందిలే, నా పంపు ఆగితే నా నౌకరి పోతుంది అనుకున్నాను. ఒక్క మాట మాట్లాడకుండా ఫోను పెట్టేశాను.

రెండు నిమిషాలు కూడా కాలేదు. కాళ్ళ కింద నేల అదిరింది, ఏదో పెద్ద జంతువు లోపలికి ఊపిరి పీల్చినట్టు చప్పుడైంది. బాయిలర్ గోడ లోపలికి వంగిపోయింది. ఎవరికీ ప్రాణాపాయం లేదు, అదొక్కటే దేవుడి దయ. నేను బయటికి ఉరికేసరికి ఇనుప మెట్ల మీద నుంచి చెన్నకేశవరావు గారు దిగుతున్నాడు, మెడలో దుర్భిణి ఊగుతోంది. నన్ను చూసి దాన్ని చొక్కాలోకి తోసుకున్నాడు.

ఆ రాత్రే ఆయన నారప్ప చేతులు పట్టుకున్నాడట. "నేను పైన ఉన్నానని అనకు నాయనా. నీ మీద ఈగ వాలనివ్వను. నేను చూసుకుంటాను." నారప్ప నమ్మాడు. పంతులు మాట కదా! విచారణ మొదటి రోజు "ఫోన్ చేసిన, ఎవలు పలకలే" అని మాత్రం చెప్పి ఊరుకున్నాడు.

రెండో రోజు రావుగారు చెప్పాడు, ఎంత తియ్యగా చెప్పాడో! "నేను డెస్కు వదల్లేదండీ. ఫోను మోగలేదు. నారప్ప మంచివాడే, పాపం, ఇంట్లో పసిపిల్ల, నిద్ర చాలదు. కునుకు తీసినట్టున్నాడు."

నారప్పకు అప్పుడు గొంతు వచ్చింది. సార్ చుక్క చూడటానికి కప్పెక్కాడు అని అరిచాడు. బల్ల అవతల కూర్చున్నవాళ్ళు పకపకా నవ్వారు. బాయిలర్ వదిలిపెట్టి ఎవడైనా చుక్క చూడటానికి పోతాడా అని. నిజమే, నేను విన్నా నవ్వేవాణ్ణే. నిజం అంత విడ్డూరంగా ఉంటే దాన్ని నమ్మేదెవరు?

తర్వాత నన్ను పిలిచారు. అంతకుముందు సాయంత్రమే రావుగారు నా భుజం మీద చెయ్యి వేశాడు. "వెంకోబా, నీ పర్మినెంటు కాగితం నా దగ్గరే ఉంది. ఆ పంపుల రొదలో ఏం వినపడుతుందిలే, కదూ?" అన్నాడు. నేను విచారణ గదిలో నిలబడి, నారప్ప ముఖం చూడకుండా, "ఫోను మోగలేదు సార్" అన్నాను. మిగతా ఇద్దరు పంపు మనుషులూ అదే మాట చెప్పారు. వాళ్ళది నిజం, వాళ్ళ ఫోన్లు మోగలేదు.

డ్యూటీలో నిద్రపోయినందుకు ఉద్యోగం నుంచి తీసివేయడమైనది అని ఆర్డరు వచ్చింది. నారప్ప భార్య సుంకమ్మ చంటిపిల్లను చంకనేసుకుని రావుగారి క్వార్టర్ ముందు నిలబడి మన్ను ఎత్తిపోసింది. "నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు చేసినవ్ గద సారూ! నీ పొయ్యి ఆరిపోను!" రావుగారు తలుపు తియ్యలేదు. ఆర్నెల్లకు వేరే ఊరికి తబాదలా చేయించుకుని వెళ్ళిపోయాడు. నాకు పర్మినెంటు కాగితం వచ్చింది. దాన్ని దేవుడి పటం ముందు పెట్టి మొక్కాను కూడా, సిగ్గులేనివాణ్ణి.

నారప్ప గోరేబాళ దిక్కు ఒక రైస్ మిల్లులో ఊక మండే బాయిలర్ దగ్గర చేరాడు. మళ్ళీ మంట చూసే పనే. కానీ మాట మనిషికంటే ముందు నడుస్తుంది. అక్కడా "నిద్ర నారప్ప" అన్నారు. మధ్యాహ్నం అన్నం తిని కాస్త నడుం వాల్చినా ఎవడో ఒకడు ఇకిలించేవాడు. అందుకని ఆయన నలుగురి ముందు కళ్ళు మూసుకోవడమే మానేశాడు. బస్సులోనూ కూర్చుని నిద్రపోడు. కూతురు కిరణ్మయిని బడిలో "నిద్రోని బిడ్డ" అని ఏడిపించారు. ఒకరోజు ఆ పిల్ల ఇంటికొచ్చి, "నాయనా, నువ్వు నిజంగనే పండుకున్నవా?" అని అడిగింది. ఆ సంగతి నాకు చెబుతూ నారప్ప ఏడ్చాడు. ఆయన ఏడవగా చూడటం నాకదే మొదలు.

అవును, నాకే చెప్పాడు. స్నేహం వదల్లేదు. తర్వాత రాయచూరుకు మారి మా వీధి వెనకే ఇల్లు తీసుకున్నాడు. ప్రతి ఆదివారం నేను వాళ్ళింటికి వెళ్ళేవాణ్ణి, సుంకమ్మ జొన్నరొట్టె పెట్టేది, తినేవాణ్ణి. "ఒక్కటే వెంకోబా" అనేవాడు నారప్ప. "నౌకరి వద్దు, ఏం వద్దు. నారప్ప పండుకోలేదు అని ఎవలన్న ఒక్కలు అనాలె. సచ్చేలోపట వినాలె." నేను రొట్టె తుంచుకుంటూ తల ఊపేవాణ్ణి. ఆ రొట్టె నాకెలా దిగేదో!

కిరణ్మయి సైన్సు టీచరైంది. 2020 జనవరిలో ఆరుద్ర మసకబారింది. ఎన్నడూ లేనంతగా వెలుగు తగ్గింది, పేలిపోతుందేమో అని పేపర్లన్నీ ఊదరగొట్టాయి. ఊళ్ళో పిల్లలకు దాని గురించి చెప్పడానికి సైన్సు సంఘంవాళ్ళు హైదరాబాదు నుంచి ఒక పెద్దమనిషిని పిలిపించారు. కాగితం మీద పేరు కిరణ్మయి కంటపడింది. చెన్నకేశవరావు. ఇంటికి తెచ్చి తండ్రికి చూపించింది.

"పోదాం" అన్నాడు నారప్ప. "వెంకోబా, నువ్వు కూడ రా."

సాయంత్రం అయిదుకు హాలు నిండిపోయింది. ముందు వరసల్లో పిల్లలు, వెనక మా కేంద్రంలో పనిచేసి రిటైరైనవాళ్ళు ఇరవై మందికి పైనే. రావుగారు వేదిక ఎక్కాడు. చేతికర్ర, తెల్లజుట్టు, అదే తియ్యటి గొంతు. ఇనుము గురించి చెప్పాడు. తర్వాత, "మంట ఆగితే ఏమవుతుంది పిల్లలూ? గోడలు లోపలికి వచ్చేస్తాయి! ఇది నేను కనిపెట్టిన పోలిక" అన్నాడు. నా పక్కన నారప్ప కుర్చీలో ముందుకు వంగాడు.

ఒక పిల్ల లేచి, సార్, మీరు ఎప్పుడైనా పేలిన నక్షత్రాన్ని చూశారా అని అడిగింది.

రావుగారి ముఖం వెలిగిపోయింది. "చూశానమ్మా! మీ జిల్లాలోనే! 1987 ఫిబ్రవరి ఇరవై ఎనిమిది, సాయంత్రం ఏడున్నర. అమావాస్య. అరవై మీటర్ల బాయిలర్ కప్పు మీద నిలబడి, అగస్త్యుడి కింద, ఈ కళ్ళతో చూశాను. ఆ పావుగంట నా జీవితంలో గొప్ప పావుగంట."

పిల్లలు చప్పట్లు కొట్టారు. వెనక వరసలో మాత్రం ఒక్క చెయ్యి కదల్లేదు. ఆ తారీకు వాళ్ళలో మరిచిపోయినవాడు ఎవడున్నాడు?

నారప్ప లేచాడు. "సార్, నేను నారప్పని. గా పావుగంట డెస్కు మీద ఎవలున్నరు సార్?"

రావుగారు కళ్ళజోడు సర్దుకున్నాడు. "నారప్పా... నువ్వా? అవన్నీ పాత సంగతులయ్యా. పిల్లల ముందు ఎందుకు?"

"పిల్లల ముందరనే గద సార్ నా బిడ్డను నిద్రోని బిడ్డ అన్నరు. ఇంకొక్కటి చెప్పుండ్రి. పొగగొట్టం కప్పుకు దక్షిణం దిక్కే గద. మంట సస్తుంటే పొగ నల్లగ కమ్ముతది. దాని ఎనకాల మూడు వేళ్ళ ఎత్తున చుక్క ఎట్ల కనవడ్డది సార్? నువ్వు సూడలే. నా బతుకు తీసుకపోయి, దాన్ని కూడ సూడలే."

రావుగారు కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. నిర్వాహకుడు మైకు వైపు పరిగెత్తబోయాడు. అప్పుడు నేను లేచాను.

"ఆయన ఫోన్ చేసిండు. ఎత్తింది నేను. మంట పోతాంది, ఉరుకుండ్రి అన్నడు. విన్న. విచారణల అబద్ధం చెప్పిన. ఈ సారు మెట్లు దిగుతుంటే మెడల దుర్భిణి ఉండె, అది కూడ చూసిన. నారప్ప పండుకోలే."

వెనక వరస మొత్తం నా వైపు తిరిగింది. ఎవరో "థూ" అన్నారు. నన్నో, రావుగారినో తెలియదు, ఇద్దరికీ చెల్లుతుంది. కిరణ్మయి రెండు చేతులతో ముఖం కప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

బయటికి వచ్చేసరికి చీకటి పడుతోంది. తూర్పున ఆరుద్ర లేచింది, ఎర్రగా, మసకగా. నారప్ప గేటు దగ్గర నిలబడి దాన్నే చూస్తున్నాడు. వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. "నారప్పా, ఆ ఫోను ఎత్తింది నేనని నీకు ఎరుక లేదు. ముగ్గురల్ల ఎవడో అనుకుంటివి. తప్పయింది, మాఫ్ చెయ్యి."

ఆయన నా చెయ్యి విదిలించలేదు. నెమ్మదిగా విడిపించుకున్నాడు.

"ఎరుకనే వెంకోబా. ఆ దినమే ఎరుక. ఫోన్ల నీ రెండో నంబరు పంపు కూత వినవడె."

ఇన్నేళ్ళ ఆదివారాలు నా కళ్ళ ముందు తిరిగాయి.

"ఎరుకయ్యి కూడ నాకు రొట్టె పెట్టినవా?"

"నువ్వే చెప్తవని చూసిన. వచ్చే ఆదివారం చెప్తడు, వచ్చే ఆదివారం చెప్తడు అని. ఆ సారు మోసం చేసిండంటే పెద్దోడు, ఆయన లోకం వేరే. నువ్వు నా ఇంట్ల కూసొని తింటివి గద." ఆయన కూతురి భుజం మీద చెయ్యి వేసుకున్నాడు. "ఇయ్యాల చెప్పినవ్. ఇగ మా ఇంటికి రాకు."

తండ్రీ కూతురూ ఆటో ఎక్కారు. వీధి మలుపు దాకా దీపాల వెలుగులో కనపడుతూనే ఉన్నారు. ఆటో కుదుపుకు నారప్ప తల కూతురి భుజం మీదికి వాలింది. పక్కన జనం ఉన్నారని కూడా చూసుకోలేదు, కళ్ళు మూసుకున్నాడు.